ఐత్వం ఉన్న పేర్లు

నమోదు 640, సోమవారం

యంత్రాల గదిలో జరిగినది మాత్రమే రాయాలని ఈ దినచర్యకు ఒక నియమం ఉంది. ఇవాళ్టి నుంచి దాన్ని నేను పాటించడం లేదు. గదిలో జరిగేది బయట మనుషుల మెడకు చుట్టుకుంటుంటే, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, జల్లెడలు మార్చాను అని రాసి సంతకం పెట్టి ఇంటికి పోవడం నా వల్ల కాదు.

పొద్దున రాగానే దుమ్ము జల్లెడలు దులిపాను. గాలి గొట్టం మూతికి కట్టిన గోనెపట్టాను తడిపాను. చల్లగాలి యంత్రం కొండ పైభాగంలో, ఎగువ ఊళ్ళో ఉంది. ఆ గాలి నడిమి ఊరు దాటి మా దిగువ ఊరికి చేరేసరికి ఎవరో వాడి వదిలేసిన ఊపిరిలా ఉంటుంది. గోనెపట్టా తడపకపోతే మనుషులకంటే ముందు కంప్యూటర్లు సొమ్మసిల్లుతాయి.

తరువాత రోజూ చేసే పరీక్ష. మా మూడు ఊళ్ళ కంప్యూటర్లూ మూడు రకాల సిస్టములమీద నడుస్తాయి. ఎండలకు నేలమీద బతకలేక జనం కొండలోకి దిగిన కాలంలో ఎవరికి దొరికింది వాళ్ళు మోసుకొచ్చుకున్నారు. ఎగువ ఊరిది శిల, నడిమి ఊరిది నెమలి, మాది పడవ. ఒకదాని పద్ధతి ఇంకొకదానికి పొసగదు. మూడింటిలోనూ అచ్చంగా ఒకేలా పనిచేయాల్సింది ముద్ర ఒక్కటే. నల్ల తెరమీద ముద్ర అని కొట్టి, పక్కన ఫైలు పేరు కొట్టి ఎంటర్ నొక్కితే, ఆ ఫైలులో ఉన్నదంతా లెక్కలోకి తీసుకొని ఒక పొడుగాటి సంఖ్య ఇస్తుంది. ఫైలులో ఒక్క చుక్క మారినా సంఖ్య పూర్తిగా మారిపోతుంది. మందు తయారీ పద్ధతి పైనుంచి కిందికి వచ్చినా, మనిషి ఆరోగ్య పత్రం కిందినుంచి పైకి వెళ్ళినా, పంపినచోట వేసిన సంఖ్యా చేరినచోట వచ్చిన సంఖ్యా ఒకటైతేనే మధ్యలో ఎవరూ వేలు పెట్టలేదని నమ్మకం. ఆ నమ్మకం చెడకుండా చూడడం మా ఊరి తరఫున నా ఉద్యోగం.

నమూనా ఫైలుకు ఇవాళా మూడు ఊళ్ళలో ఒకే సంఖ్య వచ్చింది. సరిపోయింది అని రాస్తుండగా లాలప్ప వచ్చాడు. అతను గాలి గొట్టాలు అతికే మనిషి. అతని భార్య సైదమ్మ మా వీధి చివర జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఆమెకు మూత్రపిండాలు పోయాయి. వారానికి రెండుసార్లు నడిమి ఊరి ఆసుపత్రికి వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకోవాలి.

"అమ్మా, గేటుకాడ మా ఆడామెను ఆపినారు. పత్రం దిద్దినావు అంటాండారు" అన్నాడు.

"ఏం దిద్దిందట?"

"అది చెప్పరు. యంత్రం ఎర్రగా చూపిచ్చింది, ఎనక్కి పో అంటాండారు."

గేటు మా ఊరికీ నడిమి ఊరికీ మధ్య ఉన్నా దాన్ని నడిపేది ఎగువ ఊరి మండలి. అక్కడి కంప్యూటరు కూడా శిలే. మొన్న శుక్రవారం దానికి కొత్త శిల వేశారట. ఆ సంగతి కూడా దారిలో లాలప్ప చెబితేనే నాకు తెలిసింది.

సైదమ్మ గోడకు ఆనుకొని నేలమీద కూర్చొని ఉంది. కాళ్ళు ఉబ్బి చెప్పులు పట్టక విప్పి పక్కన పెట్టుకుంది.

"దిద్దేదానికి ఆ పత్రం నా చేతికి ఎప్పుడిచ్చినారు పాపా?" అంది నన్ను చూడగానే. "కంప్యూటర్లోనే పుట్టె, కంప్యూటర్లోనే పాయ."

గేటు సూపరింటెండెంటు విశ్వమోహన్ గారు తెరను నా వైపు తిప్పారు. ఎగువ ఊరి తరఫున ముద్ర చూసుకునే ఉద్యోగం చాలాకాలంగా ఖాళీగా ఉంది. ఆ పని కూడా ఆయనకే అప్పజెప్పారు. అంటే మనిషిని ఆపేదీ ఆయనే, ఆపడం తప్పో ఒప్పో తేల్చాల్సిందీ ఆయనే.

"ముద్ర కలవలేదు దమయంతి గారూ. మీరే చూడండి."

"మా దగ్గర కలిసిందండీ."

"అక్కడ కలిసి ఇక్కడ కలవలేదంటే మధ్యలో ఎవరో మార్చినట్టే కదా. ముద్ర పెట్టుకున్నదే అందుకు."

"ఈమె ఏం మార్చగలదు?"

"ఈమె ఒక్కతే కాదు. శుక్రవారం నుంచి ఆపినవాళ్ళందరూ మీ ఊరివాళ్ళే. సైదులు, మైసమ్మ, పైడయ్య, మైబు, ఇప్పుడీ సైదమ్మ. ఆ పేర్లు వింటే మీకేమీ అనిపించడం లేదా?"

"ఏమనిపించాలి?"

"ఏ వాడలవాళ్ళో తెలుస్తూనే ఉంది. నేను వేరే చెప్పాలా?"

 మాట పెరిగితే సైదమ్మకే నష్టమని ఊరుకున్నాను. మొదటిసారి ఎర్రగా చూపిస్తే వెనక్కి పంపుతారు. రెండోసారి అదే పత్రంతో వస్తే విచారణ అయ్యేదాకా గేటు పక్కన నడవలో కూర్చోబెడతారు. నడవలో చల్లగాలి గొట్టం లేదు. అక్కడ పైడయ్య ఉన్నాడు. నీటి పంపుల దగ్గర పనిచేసే మనిషి, ఉత్తరాంధ్ర నుంచి ఒంటరిగా వచ్చి మా ఊళ్ళో స్థిరపడ్డాడు. గుండె మందు అయిపోయి, అది లేకుండా ఉండలేక మళ్ళీ వచ్చాడట. శనివారం నుంచి అక్కడే ఉన్నాడు.

"నానేటీ దిద్దనేదమ్మా" అన్నాడు. "దిద్దినోడినైతే రొండోపాలి ఇక్కడికే ఎందుకొస్తాను?"

అంతకంటే మంచి వాదన నాకు తోచలేదు. వెనక్కి వెళ్ళి విశ్వమోహన్ గారికి అదే చెప్పాను. విచారణ శుక్రవారం అన్నారు.

నమోదు 641, మంగళవారం

నడిమి ఊరి తరఫున ముద్ర చూసుకునే యోహాను పొద్దున్నే దిగి వచ్చాడు. నాకంటే చిన్నవాడు, అక్కా అంటాడు. సైదమ్మ పత్రం గేటు కంప్యూటరులోకి చేరాక ఎలా ఉందో దాని నకలు తెచ్చాడు. మా దగ్గర ఉన్న అసలుదీ, ఆ నకలూ పక్కపక్కన పెట్టి చూశాం. అక్షరం తేడా లేదు. కళ్ళు కాయలు కాసేలా చూసినా తేడా లేదు.

"ముద్రలో ఏదో తప్పుందేమో అక్కా" అన్నాడు.

"ముద్ర తప్పయితే నమూనా ఫైలు రోజూ ఎట్లా కలుస్తోంది?"

ఫైళ్ళు ఎంత పెద్దవో చూడమన్నాను. గేటులోది మూడు బైట్లు ఎక్కువ. కంటికి కనబడనిది ఏదో లోపల ఉంది. ఆరోగ్య పత్రంలో రక్తం గ్రూపు, మందుల కొలతలు, చిరునామా అన్నీ అంకెలూ గుర్తులే. తెలుగులో ఉండేది పేరు ఒక్కటే. ముక్కలు ముక్కలుగా విడగొట్టి ఒక్కొక్క వరసకూ ముద్ర కొట్టాం. అంకెలన్నీ కలిశాయి. పేరు కలవలేదు.

పేరు తీసి లాలప్ప అని పెట్టి, గేటు గుండా పంపించి చూశాం. కలిసింది. యోహాను కలిసింది. దమయంతి కలిసింది. మళ్ళీ సైదమ్మ అని పెడితే ఎర్రగా వచ్చింది.

నేను పక్కన కాగితంమీద ఆపినవాళ్ళ పేర్లు రాసుకున్నాను. యోహాను వాటిని పైకి చదివాడు. చదివి ఆగిపోయి, మళ్ళీ మెల్లగా చదివాడు.

"సై, మై, పై, మై. అక్కా, అన్నిట్లో ఐత్వం ఉంది."

అరగంటలో సంగతి తేలిపోయింది. కొత్త శిల తన దగ్గరికి వచ్చిన ప్రతి ఫైలునూ తన పద్ధతిలో మళ్ళీ రాసి దాచుకుంటోంది. అలా రాసేటప్పుడు ఐత్వాన్ని ఒక గుర్తుగా ఉంచకుండా రెండుగా విడగొడుతోంది. పైన ఎత్వం, కింద చిన్న కొక్కెం. తెరమీద రెండూ కలిసి ఐత్వంలాగే కనబడతాయి. చదివే మనిషికి సై అన్నది సై లాగే ఉంటుంది. ముద్ర మాత్రం తెరను చూడదు, లోపలి గుర్తులను లెక్కపెడుతుంది. ఒకటి రెండయితే సంఖ్య వేరు. మా పడవ, వాళ్ళ నెమలి ఐత్వాన్ని ముట్టుకోవు, ఉన్నదున్నట్టు ఉంచుతాయి. నమూనా ఫైలులో అంకెలు తప్ప మరేమీ లేవు. ముద్రమీద ఒప్పందం చేసుకున్న రోజున మూడు ఊళ్ళవాళ్ళూ కూర్చొని అదే చాలనుకున్నారు.

మొదట మాకిద్దరికీ నవ్వు వచ్చింది. ఒక ఐత్వం. తరువాత నడవలో కూర్చున్న పైడయ్య గుర్తొచ్చి నవ్వు పోయింది.

"మరి మండలిలో వైదేహి గారున్నారు కదా" అన్నాడు యోహాను. "నెలకోసారి మీ ఊరు చూడ్డానికి దిగుతారు. ఆమెను ఎప్పుడన్నా ఆపినారా? నిన్న గూడా వచ్చి పోయినారే."

ఆ ప్రశ్నకు జవాబు మాకు తెలియదు. రేపు అడగాలి.

నమోదు 642, బుధవారం

అడిగాను. నన్నూ యోహానునూ విశ్వమోహన్ గారు గేటు పైగదిలో కూర్చోబెట్టారు. వైదేహి గారు కూడా అక్కడే ఉన్నారు. పలచటి మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. ఎవరినీ నువ్వు అనరు. గదిలో చల్లగాలి ఎంత బాగుందంటే నా చెమట ఆరి వణుకు వచ్చింది.

ఐత్వం సంగతి అంతా చెప్పాను. ఎదురుగా కొట్టి చూపించాను. విశ్వమోహన్ గారు ఆశ్చర్యపోతారనుకున్నాను. ఆయన తల ఊపారు.

"అవునండీ. కొత్త శిల అక్షరాలను వేరే పద్ధతిలో దాచుకుంటుందని తెలుసు. అందుకే వేసిన రోజే మా ఊరి పత్రాలన్నిటికీ మళ్ళీ ముద్రలు వేయించాం. మీరెందుకు వేయించుకోలేదు?"

 యోహాను అడిగాడు. "మాకు చెప్పారా సార్?"

"మీరు అడిగారా?"

తెలుసు. మొదటినుంచీ తెలుసు. సొంత ఊరివాళ్ళ పేర్లన్నీ సర్దుకొని, కిందివాళ్ళను మాత్రం గేటు దగ్గర పట్టుకొని, నువ్వు దిద్దావు అంటున్నారు. పేర్లు వింటే ఏమీ అనిపించడం లేదా అని నన్నే అడిగారు.

"సరే, ఇప్పుడైనా ముద్రను సరిచేద్దాం" అన్నాను. "లెక్కపెట్టే ముందు ఐత్వాన్ని ఒకటిగా కలుపుకొమ్మని ముద్రకు చెబితే సరిపోతుంది. మూడు సిస్టములలోనూ ఒకటే జవాబు వస్తుంది. చిన్న పని. శిలలో పెట్టడానికి మీ అనుమతి కావాలి."

"అప్పుడు మేము కొత్తగా వేయించిన ముద్రలన్నీ మళ్ళీ మారతాయి. అది కుదరదు. మీవాళ్ళనే ఎగువ ఊరి కార్యాలయానికి వచ్చి కొత్త ముద్ర వేయించుకోమనండి. మనిషి స్వయంగా రావాలి."

"రావాలంటే ఈ గేటు దాటాలి."

"దాటాలి."

"దాటాలంటే ముద్ర కలవాలి."

 వైదేహి గారు కల్పించుకున్నారు. ఆమె గొంతులో జాలి నిజంగానే ఉంది, అది నేను కాదనను.

"దీనికి ఒక సులువు ఉంది కదమ్మా. సైదమ్మ అని కాకుండా స, యి విడిగా, సయిదమ్మ అని రాసి మీ ఊళ్ళోనే కొత్త పత్రం పుట్టించండి. ఐత్వమే ఉండదు. పిలిచేటప్పుడు అదే పేరు కదా."

నాకు అది తట్టనందుకు సిగ్గు వేయాలో, అడగకూడనిది అడుగుతున్నందుకు కోపం రావాలో తెలియలేదు. పైడయ్యను నడవ నుంచి కనీసం మా ఊళ్ళోకి పంపమని బతిమాలాను. విచారణ శుక్రవారం అన్నారు మళ్ళీ. దిగేటప్పుడు పైడయ్యకు చెంబుతో నీళ్ళు ఇచ్చి వచ్చాను. ఆయన తల పైకి ఎత్తకుండా తాగాడు. మందు లోపలికి పంపే దారి ఉందేమో కనుక్కొమ్మని యోహానుతో చెప్పాను. ఎర్రగా చూపిన పత్రానికి మందు ఇవ్వరట.

నమోదు 643, గురువారం

సైదమ్మ మంచం దిగడం లేదు. ముఖం ఉబ్బింది, మాటకు మాటకు ఆయాసం వస్తోంది. సోమవారం జరగాల్సినది జరగలేదు, ఇవాళా జరగలేదు. వైదేహి గారి సలహా నేనే చెప్పాను. చెప్పకుండా దాచే హక్కు నాకు లేదనుకున్నాను. పత్రం ఇక్కడే రాయొచ్చు, సాయంత్రానికల్లా గేటు దాటొచ్చు అన్నాను.

ఆమె దిండు సర్దుకొని తల ఎత్తింది.

"ఆ వైదేహమ్మ గూడా వయిదేహి అని రాసుకుంటాదా?"

"ఆమెకు అవసరం లేదు సైదమ్మా."

"నాకు మాత్రం ఏం అవసరం? నేను చేసిన తప్పేంది?"

లాలప్ప ఆమె కాళ్ళ దగ్గర కూర్చొని ఉన్నాడు. "పేరుదేముందే, బతికుంటే గదా పేరు. నువ్వన్నా చెప్పమ్మా" అన్నాడు నాతో.

"నువ్వు గమ్మునుండు" అంది సైదమ్మ. తరువాత నా వైపు తిరిగింది. "పాపా, ఇయ్యాల పేరు మారిస్తే ఏమైతాది? సైదమ్మ పత్రం దిద్దింది, దొరికింది, పేరు మార్చుకొని వచ్చింది అంటారు. నేనే ఒప్పుకున్నట్టు గాదా? ఇంటి బిడ్డలకంతా ఆ మాట అంటుకోదా?"

 ఆమె అన్నది నిజం. పాత పత్రంమీద 'దిద్దినది' అన్న మాట అలాగే ఉంటుంది.

అక్కడ ఉండగానే కబురు వచ్చింది. పైడయ్య నడవలో పోయాడు. మధ్యాహ్నం భోజనం గిన్నె ఇచ్చిన కాపలావాడు చూశాడట. గోడవైపు తిరిగి పడుకొని ఉంటే నిద్రపోతున్నాడనుకున్నారట. గేటువాళ్ళు రాసుకున్నది యోహాను చూసి వచ్చి చెప్పాడు: వేడికి తట్టుకోలేక మృతి, దిద్దిన పత్రంతో పట్టుబడిన వ్యక్తి.

చనిపోయిన మనిషిని కూడా వదల్లేదు. ఆ ముక్క విన్నాక గదికి వచ్చి ఒప్పందం కాగితాలు బయటికి తీశాను. 

ఒప్పందంలో ఒక మాట ఉంది. ముద్ర మూడు సిస్టములలో ఒకేలా జవాబు చెప్పడం లేదని ముగ్గురు బాధ్యులలో ఇద్దరు సంతకం చేస్తే, సరిచేసేవరకు ముద్ర చెల్లదు. గేటు దగ్గర మనిషిని మనుషులే గుర్తుపట్టి పంపాలి. ఇంతవరకు ఎవరూ ఆ పని చేయలేదు. ఎందుకంటే ముద్ర ఆగితే మనుషుల పత్రాలతో బాటు మందుల తయారీ పద్ధతులూ ఆగుతాయి. సైదమ్మ రక్తం శుభ్రం చేసే ద్రావణం కూడా అలా వచ్చిన కొలతల ప్రకారమే కలుపుతారు. కొలత తప్పితే ఆమె గేటు దాటీ చచ్చిపోతుంది. నన్ను మూడు రోజులు ఆపింది అదే.

ఆ మాటే యోహానుతో అన్నాను. ఆసుపత్రిలో కలిపేవాళ్ళతో ఇప్పటికే మాట్లాడి వచ్చానన్నాడు. ఎగువ ఊళ్ళో ఒకరు ఫోనులో కొలతలు చదువుతారు, ఆసుపత్రిలో ఇద్దరు విడివిడిగా రాసుకొని పోల్చుకుంటారు. ఆలస్యం అవుతుంది, కానీ అవుతుంది.

"నీ ఉద్యోగం పోతుంది యోహానూ."

"నీది పోదా అక్కా?"

ఇద్దరం సంతకం చేశాం. ముద్ర రద్దయిందని మూడు ఊళ్ళ తెరలమీదికీ పంపించాం.

నమోదు 644, శుక్రవారం

గేటు తెర ఖాళీగా ఉంది. ఎర్ర రంగూ లేదు, పచ్చ రంగూ లేదు. విశ్వమోహన్ గారు దాని ముందు నిలబడి అదేపనిగా మీట నొక్కుతున్నారు.

"మీరేం చేశారో మీకు అర్థమవుతోందా?" అన్నారు.

"అవుతోంది. ఒప్పందంలో ఉన్నదే చేశాం."

"మూడు ఊళ్ళనూ ఆపేశారు."

"మా ఊరు పోయిన శుక్రవారం నుంచే ఆగిపోయి ఉందండీ. మీకు ఇవాళ తెలిసింది."

సైదమ్మను లాలప్ప, ఇంకో ఇద్దరు గొట్టాల పనివాళ్ళు మంచంతో సహా ఎత్తుకొచ్చారు. నడిమి ఊరి నుంచి ఆసుపత్రి నర్సు వచ్చి గేటు అవతల నిలబడింది. "ఈమె సైదమ్మ. ఏడాదిగా నా చేతిమీదుగానే వెళ్తోంది" అని చెప్పింది. రొట్టెలు కొనుక్కునే కాపలావాడు కూడా, సూపరింటెండెంటు ముఖం చూడకుండా, "సైదమ్మే సార్" అన్నాడు. ఇద్దరు చెప్పాలని నియమం. ఇద్దరు చెప్పారు. గేటు తీశారు.

ద్రావణం కలపడం సాయంత్రం దాకా పట్టింది. ఒకసారి ఇద్దరు రాసుకున్న కొలతలు కలవలేదు, మళ్ళీ మొదటి నుంచి చదివించుకున్నారు. లాలప్ప ఆసుపత్రి గడప దగ్గర కూర్చొని ఎవరు బయటికి వచ్చినా లేచి నిలబడ్డాడు. చివరికి నర్సు వచ్చి, యంత్రానికి కలిపాం, నిద్రపోతోంది అని చెప్పింది. అతను తల పంకించి మళ్ళీ కూర్చున్నాడు. ఇంటికి పొమ్మన్నా పోలేదు.

నమోదు 645, శనివారం

మండలి నుంచి మాట వచ్చింది. సాంకేతిక కారణాల వల్ల కొందరికి అసౌకర్యం కలిగింది, కేసులు ఎత్తేస్తున్నాం, మీరిద్దరూ వెంటనే ముద్రను పునరుద్ధరిస్తూ సంతకం చేయండి. ఐత్వం సంగతి తరువాత ఆలోచిస్తాం.

అసౌకర్యం. పైడయ్యను నిన్న పాతిపెట్టాం. దాన్ని అసౌకర్యం అంటారు.

నేనూ యోహానూ జవాబు పంపాం. మొదట మూడు సిస్టములలోనూ ఐత్వాన్ని ఒకేలా లెక్కపెట్టే కొత్త ముద్ర పెట్టాలి. నమూనా ఫైలులో అంకెలకు బదులు తెలుగు అక్షరాలన్నీ, గుణింతాలతో, ఒత్తులతో ఉండాలి. ఆపినవాళ్ళ పత్రాలమీద 'దిద్దినది' అన్న మాట కొట్టేయాలి. విశ్వమోహన్ గారు గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి పేరూ చదివి, వీరు దిద్దలేదు అని నోటితో చెప్పాలి. చివరిదానికి మండలి ఒప్పుకోదని యోహాను అన్నాడు. ఒప్పుకోకపోతే సంతకం లేదన్నాను.

వైదేహి గారు ఇవాళ మాట్లాడడానికి స్వయంగా దిగి వచ్చారు. మా వైపు గేటు దగ్గర ఆమెను ఆపారు. కావాలని ఎవరూ ఆపలేదు. ముద్ర లేదు గనక, ఈ ఊళ్ళో ఆమెను ఎరిగినవాళ్ళు ఇద్దరు చెప్పాలి. నేను ఒకదాన్ని చెప్పాను. రెండో మనిషి లేడు. నెలకోసారి వచ్చిపోయే మనిషి, పక్కన ఎప్పుడూ కాపలావాళ్ళు, ఆమె ముఖం సరిగ్గా చూసినవాళ్ళు లేరు. ఆమె ఆ నడవలోనే నిలబడ్డారు, చల్లగాలి లేని నడవలో, చీర కొంగుతో మెడ తుడుచుకుంటూ.

ఆసుపత్రి నుంచి సైదమ్మ అప్పుడే తిరిగి వస్తోంది. లాలప్ప భుజం పట్టుకొని నడుస్తోంది. విషయం విని ఆగింది.

"ఈయమ్మ వైదేహమ్మే. పోయిన నెల నా అంగడి ముందర నిలబడి, పొగ ఎక్కువొస్తాంది అని చెప్పి పాయ. పంపీయండి."

గేటు తీశారు. వైదేహి గారు రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "మీ పేరేమిటమ్మా?"

"సైదమ్మ. మీకున్నట్టే నాకూ ఐత్వం ఉండాది."

వైదేహి గారి ముఖం ఎర్రబడింది. నాతో మాట్లాడాలని వచ్చిన మనిషి, చాలాసేపు నా గదిలో కూర్చొని, మా గోనెపట్టా వాసనా, మా గాలీ పీల్చుకొని వెళ్ళిపోయారు. పోతూపోతూ, "నేను చెబుతాను వాళ్ళకు" అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. కోపం తగ్గలేదు. ఒక మనిషి ఆ నడవలో కాసేపు నిలబడితేనే తప్ప ఇంకొకరి వేడి తెలియకపోతే, ఆ మండలి ఎవరికోసం?

నమోదు 646, సోమవారం

శనివారం రాత్రికి మండలి మా షరతులకు ఒప్పుకుంది. నిన్నంతా శిలలో కొత్త ముద్ర పెట్టడంతో గడిచింది. విశ్వమోహన్ గారు పక్కనే కూర్చొని చూశారు. మూడు ఊళ్ళలో కొత్త నమూనా ఫైలుకు ఒకే సంఖ్య వచ్చింది. సైదమ్మ పేరుకు వచ్చింది. వైదేహి గారి పేరుకు వచ్చింది. ముద్రను తిరిగి అమల్లో పెట్టాక నా స్థానంలో వేరే మనిషిని చూసుకుంటామని మండలి తెలియజేసింది. చూసుకోనివ్వండి.

ఇవాళ పొద్దున గేటు దగ్గరికి మా ఊరు సగం వచ్చింది. విశ్వమోహన్ గారు మైకు పట్టుకున్నారు. ఇస్త్రీ చొక్కా చంకల్లో తడిసిపోయింది. నడవ తలుపులు తీసి ఉంచారు, వేడి అంతా గేటులోకి కొడుతోంది.

"సైదులు. వీరు దిద్దలేదు" అని చదివారు.

"వచ్చినా" అన్నాడు సైదులు, గుంపులోంచి చెయ్యెత్తి.

"మైసమ్మ. వీరు దిద్దలేదు."

మైసమ్మ పలికింది. మైబు పలికాడు. సైదమ్మ కుర్చీలో కూర్చొని ఉంది. తన పేరు వచ్చినప్పుడు లేచి నిలబడి, "ఉండాను" అంది. లాలప్ప ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"పైడయ్య. వీరు దిద్దలేదు."

ఎవరూ పలకలేదు. ఆయనకు ఈ కొండలో చుట్టాలు లేరు. విశ్వమోహన్ గారు చేతిలో కాగితం మడిచి, మైకు ఆపేసి, నా వైపు చూశారు. సంతకం పెట్టమని ఆ చూపు.

"సారూ" అంది సైదమ్మ. ఇంకా నిలబడే ఉంది. "ఆ మనిషికి యినపడలేదు. మళ్ళా సదవండి."

ఆయన కదల్లేదు. గుంపు కూడా కదల్లేదు. నేను పెన్ను మూత తీయలేదు. కొంతసేపటికి ఆయన కాగితం మడత విప్పి, మైకు పెట్టి, చదివారు. 

"మళ్ళా" అంది సైదమ్మ.